తిట్టుకునే ఇద్దరు, హెడ్‌ఫోన్లలో నేను

సౌండు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గరికొస్తే ముందు అడిగేది, ఏ మైకు కొనాలి అని. తర్వాత అడిగేది, ఏ పెద్ద హీరోతో పనిచేశారు అని. మొదటిదానికి జవాబు ఏడాదికోసారి మారుతుంది. రెండోదానికి జవాబు చెప్తూ కూర్చుంటే కాలక్షేపం అవుతుంది, పని రాదు. అందుకే నేను వాళ్ళకు కంబదూరు దగ్గర ఒక ఊళ్ళో తీసిన చిన్న కామెడీ సినిమా గురించి చెప్తాను. ముప్పై ఏళ్ళు దాటిన నా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు అక్కడే చేశాను. ఈ పని అసలేమిటో అర్థమైందీ అక్కడే. ఇప్పుడు రిటైరై కదిరిలో ఇంట్లో కూర్చున్నాను కాబట్టి, నోటితో చెప్పేదాన్ని ఒకసారి కాగితం మీద పెడుతున్నాను.

వినేవాడి పని

మాది కదిరే. నాయన రేడియోలు బాగుచేసేవాడు. పేరు ఓబులేసు అని పెట్టాడు. హైదరాబాదులో చాలామంది మార్చుకోమన్నారు, నేను మార్చుకోలేదు.

నా సర్వీసులో ఎక్కువ భాగం డబ్బింగ్ థియేటర్లో గడిచింది. నటులు అద్దాల గదిలో నిలబడి, తెర మీద తమ పెదాలు కదిలేదానికి సరిగ్గా మాటలు చెప్తారు. బయట కూర్చుని నేను వింటాను. మా చీఫ్ గొప్ప పనిమంతుడు. కింద పనిచేసేవాళ్ళ పేరు ఒక్కటి కూడా టైటిల్స్‌లో వేయించిన పాపాన పోలేదు. ఆ రెండూ నిజమే. మొదటిసారి అవుట్‌డోర్‌కి పంపినప్పుడు, అందరూ వెళ్ళిపోయాక ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేసి తెమ్మన్నాడు. ఖాళీ గదిలో ఏముంటుందిలే అని నేను మానేశాను. ఎడిటింగ్‌లో చూస్తే మాటకూ మాటకూ మధ్య గుంతలు పడినట్టుంది. ఆయన తిట్టలేదు. ఆ రీలును నలుగురి ముందు మూడుసార్లు వినిపించాడు. "గది కూడా మాట్లాడుతుందిరా, నువ్వు వినకుండా వచ్చేశావు" అన్నాడు.

ఆయన చెప్పిన ఇంకో మాటను చాలా ఏళ్ళు నేను సరిగా పట్టించుకోలేదు. నటుడి చొక్కా కింద దాచే కాలర్ మైకు ఉంటుంది చూశారూ, అరగంట గడిస్తే దాని సంగతి నటుడు మర్చిపోతాడు. భోజనాల దగ్గరా, చెట్టు కిందా, ఫోన్లోనూ అతను మాట్లాడేదంతా మన చెవిలో పడుతుంటుంది. "షాటు అయిపోగానే ఆ చానెల్ మూసెయ్. అవతల వినపడేది నీ జీతంలో భాగం కాదు" అనేవాడు చీఫ్. మామూలుగా మూసేవాణ్ణే. ఎప్పుడూ మూశానని మాత్రం చెప్పలేను.

భారతి తీయాలనుకున్న సినిమా

భారతిది కళ్యాణదుర్గం. తండ్రి బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల, ఒకరోజు ఫోన్ చేసింది.

"సార్, మీది కదిరంట గదా. నాకు డబ్బింగ్ వద్దు సార్. ఆడ మాట్లాడింది ఆడనే పట్టాల. మన మాట మన నోట్లోనే ఉండాల. మీకైతే ఆ మాట చెవికి తెలుస్తాది."

కథ చెప్పింది. ఒక ఊళ్ళో రెండు పార్టీలు. టీ కొట్లు రెండు, మంగలి షాపులు రెండు, ఆఖరికి వినాయకుడి పందిళ్ళు కూడా రెండు. ఈ పార్టీవాళ్ళు ఆ పార్టీవాళ్ళతో మాట్లాడకూడదని పెద్దలు కట్టడి చేశారు. తిట్టుకోవచ్చు, మాట్లాడుకోకూడదు. ఆ ఊళ్ళో ఒక శెట్టి, ఒక సాయిబు. ఒకరిది కిరాణా కొట్టు, ఇంకొకరు టైలరు. చిన్ననాటి స్నేహితులే గానీ చెరో పార్టీ. మాట్లాడుకోవాలంటే వాళ్ళకున్న దారి ఒక్కటే, తిట్టుకోవడం. "నీ బియ్యంలో పురుగులు పడ" అంటే మా ఇంట్లో బియ్యం అయిపోయాయి, పంపు అని. "నీ మిషన్ తుప్పు పట్ట" అంటే నా చొక్కా కుట్టావా అని. "నీ కత్తెర మొండిపోనూ" అంటే సరే, వస్తున్నా అని. వాళ్ళు ఇంత బాగా తిట్టుకోవడం చూసి ఊరు మురిసిపోతుంది. చివరికి రెండు పార్టీలూ చెరొకణ్ణి తమ సభల్లో ముఖ్య వక్తగా నిలబెడతాయి. లోపల ప్రాణ స్నేహితులు, బయట ఎన్నికల వేదికల మీద ఎదురెదురు.

ఫోన్లోనే నవ్వాను. నవ్వడం ఆగిపోయాక ఒప్పుకున్నాను.

ఇద్దరు దొరికిన విధం

నటుల కోసం భారతి ఎక్కడెక్కడో తిరిగింది. చివరికి లొకేషన్ చూసుకోవడానికి వెళ్ళిన ఊళ్ళోనే వాళ్ళిద్దరూ దొరికారు. రోడ్డుకు ఒకవైపు ఆదినారాయణ శెట్టి కిరాణా కొట్టు, ఎదురుగా బాబా ఫకృద్దీన్ టైలర్ షాపు. ఇద్దరికీ యాభై దాటాయి. శెట్టి కొట్టు రేకుకు బాబా పార్టీవాళ్ళు బ్యానర్ తాడు కట్టారు. దాని గురించి రోడ్డుకు అటొకరు ఇటొకరు నిలబడి తిట్టుకుంటుండగా ఆమె బస్సు దిగింది. బ్యాగు కింద పెట్టి చివరిదాకా విన్నదట. ఒకరి మాట అయ్యేదాకా ఇంకొకరు ఆగుతున్నారు, అదీ ఆమె గమనించింది. తిట్లలో కూడా వంతు తప్పడం లేదు.

విచారిస్తే తెలిసింది. వాళ్ళు ఒకప్పుడు మంచి స్నేహితులు. శెట్టి వేసుకునే ప్రతి అంగీ బాబా కుట్టిందే. పంచాయతీ ఎన్నికల్లో చెరో పక్క నిలబడ్డప్పటి నుంచీ మామూలు మాట లేదు. శెట్టి చొక్కాలు కళ్యాణదుర్గంలో కుట్టించుకుంటాడు. బాబా ఇంటి సరుకులు పక్కూరి నుంచి వస్తాయి.

నటించమని అడిగితే ఇద్దరూ సరే అన్నారు, ఆ రెండోవాడు ఉండకూడదన్నారు. ఇద్దరూ ఉండాల్సిందే, లేకపోతే ఎవరూ వద్దంది భారతి. బాబా బడిలో నాటకాలాడినవాడు, ఆశ ఆపుకోలేకపోయాడు. శెట్టిని ఒప్పించింది ఆయన భార్య పద్మావతమ్మ. "ఇరవై ఐదేండ్లుగా నా ముందర ఆడతాండావు గదా నాటకం, ఊరంతా చూడనీలే" అందట.

అప్పుడు భారతి ఇంకో బాంబు వేసింది. సినిమాలో శెట్టి వేషం బాబాకి, సాయిబు వేషం శెట్టికి.

"ఎందుకు పాపా ఈ తిరకాసు?" అని అడిగాడు శెట్టి.

"మీ వేషం మీకే ఇస్తే మీరు గొప్పగా కనపడాలని చూస్తారు. ఆయప్ప వేషమిస్తే ఆయప్పని చూస్తారు" అంది.

ముప్పై ఏళ్ళలో ఎందరో దర్శకులను చూశాను. నటుల గురించి ఇంత సూటిగా తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది. ఈ పిల్లకు అది మొదటి సినిమా.

మిషన్ మీద శెట్టి, కొట్లో బాబా

మొదటి నాలుగు రోజులు ఒకరి పని ఒకరు నేర్చుకోవడమే. హెడ్‌ఫోన్లలో నేను విన్నది ఇప్పటికీ గుర్తుంది.

"అట్ల తొక్కొద్దప్పా శెట్టీ. మిషన్ పరిగెత్తకూడదు, నడవాల. నువ్వు గుర్రాన్ని తోలినట్ల తోలుతాండావు."

"టోపీ సరిగ్గానే పెట్టుకున్నా గదా?"

"యాడ సరిగ్గా? పోలీసోని మాదిరి పెట్టుకున్నావు. ఎవరైనా చూస్తాండారా అనుకుంటా పెట్టుకోకూడదు. మరచిపోయి పెట్టుకోవాల."

తర్వాత రోడ్డు దాటి కొట్లోకి వస్తే పంతులు మారిపోతాడు. బాబా కట్టిన చక్కెర పొట్లం చేతిలోనే విడిపోయింది. శెట్టి దాన్ని మళ్ళీ కట్టి చూపించాడు, వేళ్ళు కాగితాన్ని తాకీ తాకనట్టు. "ఇంగోటి విను బాబా. నేను గిరాకీ ఎవరొచ్చినా లేసి నిలబడను. చిన్న పిల్లోళ్ళు వస్తే మాత్రం ముందుకు వంగి చూస్తా. వాళ్ళు గల్లాపెట్టె ఇవతలికి కనపడరు గదా."

బాబా గల్లాపెట్టె మీదుగా ముందుకు వంగి చూశాడు. "ఇన్నేండ్లు ఎదురుగా కూర్చున్నా. నేను చూడనే లేదప్పా" అన్నాడు.

కామెడీ సినిమాలో సౌండువాడికి అందరికంటే కష్టమైన పని నవ్వకుండా ఉండటం. షాటు మధ్యలో ఒకసారి నేనే నవ్వి పాడుచేశాను. పొడుగు కర్రకు కట్టిన బూమ్ మైకు పట్టుకునే వెంకటేశు తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడేవాడు.

ఇంకో సంగతి. ఆ నేల మీద గాలి ఎప్పుడూ ఉంటుంది, దానికి మందు ఉంది, మైకుకు తొడుగు వేస్తాం. ఒకరోజు మంచి సీను మధ్యలో పక్క పొలంలో బోరు బండి మొదలైంది. ఒక గంట ఆపమని అడిగిరమ్మని మనిషిని పంపబోయాను. బాబా నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీ సినిమా రేపు తీసుకోవచ్చు. ఆయప్పకిది మూడో బోరు. శెనక్కాయ ఎండిపోతాంది" అన్నాడు. ఆ పొలం శెట్టి పార్టీ మనిషిది. షూటింగ్ ఆపి మేమంతా వెళ్ళి గట్టు మీద నిలబడ్డాం. చాలా సేపటికి తడి మట్టి పైకొచ్చింది. సన్నటి ధారే, అయినా నీళ్ళే. ముందు ఈల వేసింది బాబా. వెంటనే శెట్టి ఆయన వీపు మీద చరిచాడు. ఆ తర్వాత ఇద్దరూ చుట్టూ చూసి, దూరం జరిగి నిలబడ్డారు.

నేను చేసిన తప్పు

ఇంకా తొమ్మిది రోజుల పని ఉందనగా జరిగింది ఇది. మధ్యాహ్నం చిత్రాన్నం వడ్డిస్తున్నారు. శెట్టి అంగీ రాపిడి మైకులో గరగరమంటోంది. ఎక్కడ రాసుకుంటోందో తెలుసుకుందామని చానెల్ మూయకుండా వింటున్నాను. శెట్టి, బాబా ఇద్దరూ టైలర్ షాపు వెనక గోడ నీడన కూర్చున్నారు.

శెట్టి గొంతు వినపడింది. "బాబా, పొద్దున మావోళ్ళు వచ్చినారు. మాజీ సర్పంచి కూడా ఉన్నాడు. మన శెట్టి సాయిబు వేషమేసేదేందని గలాటా. రేపట్నుంచి పోవద్దన్నారు. సరే, పోనులే అని చెప్పినా."

అంతే. హెడ్‌ఫోన్లు అక్కడ పడేసి భారతి దగ్గరికి పరిగెత్తాను. శెట్టి రేపటి నుంచి రాడట, పార్టీవాళ్ళు వద్దన్నారట అని చెప్పేశాను. తొమ్మిది రోజుల పని, శెట్టి లేకుండా ఒక్క సీను కూడా లేదు. భారతి ప్లేటు కింద పెట్టి నేరుగా శెట్టి దగ్గరికి వెళ్ళింది. వెనకే నేను.

అప్పటికి శెట్టి రోడ్డు మీదికి వచ్చాడు. షూటింగ్ చూడటానికి ఊరు సగం అక్కడే ఉంది. శెట్టి పార్టీ కుర్రకారు కూడా ఉన్నారు.

"రేపట్నుంచి రారంట గదా? మీ పార్టీవాళ్ళు వద్దంటే మానుకుంటారా?" భారతి గట్టిగానే అడిగింది. అందరికీ వినపడింది.

శెట్టి ఆమెను చూశాడు. తర్వాత తన ఛాతీ వైపు చూసుకున్నాడు, మైకు ఉన్నచోట. అంగీ గుండీ విప్పి, వైరు మెల్లగా తీసి, నా అరచేతిలో పెట్టాడు.

"ఓబులేసూ, ఈ మైకు నీదే. నా మాట గూడా నీదే అనుకున్నావు" అన్నాడు. భారతి వైపు తిరిగి, "ఔ పాపా, రాను" అని కొట్లోకి వెళ్ళిపోయాడు.

నా రికార్డరు మాత్రం ఆగలేదు. నేను పరిగెత్తినా అది తిరుగుతూనే ఉంది. సాయంత్రం మిగతాది విన్నాను.

"...సరే, పోనులే అని చెప్పినా. నోటితో అయితే చెప్పినా గానీ మానుకునేది లేదు. రేప్పొద్దున నువ్వు నా కొట్టు ముందరికొచ్చి నన్ను బాగా తిట్టు. వేషమేసి నిన్ను ఎక్కిరిస్తాండానని గలాటా చెయ్యి. అప్పుడు మావోళ్ళు, ఓహో, శెట్టి ఆ సాయిబును ఎగతాళి చేసేదానికే పోతాండాడు, పోనీలే అనుకుంటారు."

బాబా నవ్వు. "నన్ను ఎగతాళి చేస్తాండావని నేనే ఊరంతా చెప్పాల్నా?"

"నీకు కష్టమైతే వద్దులే బాబా."

"కష్టమేముందప్పా. నువ్వు వస్తే చాలు."

ఇద్దరూ సినిమాలో ఉన్నదాన్నే నిజంగా చేయబోయారు. నేను సగం విని, ఆ సగాన్ని రోడ్డు మీద పెట్టాను. ఇప్పుడు శెట్టి వస్తే పార్టీని అందరి ముందూ ఎదిరించినట్టు. రాకపోతే భయపడినట్టు. ఆయన వేసుకున్న దారిని నేను మూసేశాను.

కొత్తవాళ్ళకు చెప్తున్నాను. రహస్యంగా వినడం తప్పే. విన్నది మోసుకుపోవడం ఇంకా పెద్ద తప్పు. పూర్తిగా వినకుండా మోసుకుపోవడం అయితే, వినడమే వృత్తిగా ఉన్నవాడికి క్షమించరానిది. ఆ రికార్డింగు భారతికి వినిపించాను. తర్వాత ఆమె ముందే చెరిపేశాను. "అందరి ముందర అడిగింది నేను గదా సార్. మీ ఒక్కరి తప్పే కాదు" అంది. నిర్మాతకు ఫోన్ చేసి తన వల్లే పని ఆగిందని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. మా చీఫ్ అయితే ముందు నా పేరే చెప్పి ఉండేవాడు.

శెట్టి కొట్లో

మరుసటి రోజు పొద్దున్నే కొట్టుకు వెళ్ళాను. శెట్టి బెల్లం తూస్తున్నాడు. తల ఎత్తలేదు. పద్మావతమ్మ నీళ్ళ చెంబు తెచ్చి నా చేతికిచ్చింది.

"మా ఆయన మాట్లాడేదే తక్కువన్నా. ఎన్నాళ్ళకో ఆ బాబాతో నాలుగు మాటలు మాట్లాడినాడు. అవి గూడా నువ్వు ఎత్తుకపోయినావు" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"తప్పు చేశాను శెట్టిగారూ" అన్నాను.

ఆయన పొట్లం కట్టడం పూర్తిచేశాడు. "నువ్వు చెడ్డోడివి కాదప్పా. చెడ్డోడైతే ఆఖరి దాకా వినేవాడు. నువ్వు తొందర మనిషివి."

"ఇప్పుడు నేనేం చేయాలి?"

"ఏమీ చేయొద్దు. చేసింది చాలు."

నిలబడలేక బయటికొచ్చాను. రెండు రోజులు పని ఆగిపోయింది. భారతి శెట్టి ఇంటి వైపు వెళ్ళలేదు, ఎవరినీ పంపలేదు. ఆయనను ఇంకోసారి అందరి ముందూ నిలబెట్టనంది. నిర్మాత నుంచి ఫోన్ల మీద ఫోన్లు. సామాన్లు సర్దుకుని వెళ్ళిపోదామని కెమెరావాళ్ళు అంటున్నారు.

నడిరోడ్డు మీద బాబా

మూడో రోజు పదిగంటల వేళ, నేను టీ కొట్టు దగ్గర ఉన్నాను. భుజాన రికార్డరు సంచి ఉంది, అలవాటు. శెట్టి పార్టీ మాజీ సర్పంచి, ఆయన మనుషులు అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. బాబా షాపులోంచి దిగాడు. మెడలో టేపు అట్లాగే ఉంది. నడిరోడ్డు మీద నిలబడి గొంతెత్తాడు.

"ఓరే శెట్టీ! నీ బెల్లానికి చీమలు పట్టా! నీ కందిబ్యాళ్ళు ఉడక్కుండా పోనూ! నా మిషన్ మింద కూసోని, నా టోపీ పెట్టుకోని, సగం అంగీ కుట్టి పారిపోతావా? మూడు దినాలాయ, ఆ అంగీ చేతులు లేకుండా వేలాడతాంది! నీ బియ్యంలో పురుగులు పడా!"

రోడ్డంతా ఆగిపోయింది. ఆటో ఒకటి ఇంజన్ ఆపేసింది. శెట్టి బయటికి రాలేదు. బాబా మళ్ళీ అందుకున్నాడు. ఈసారి గొంతులో బిరుసు తగ్గింది.

"నేను కుట్టిన అంగీ ఇడిసిపెట్టి కళ్యాణదుర్గం అంగీలు తొడుక్కుంటావా? ఆ కుట్టేటోనికి నీ ఎడమ భుజం కిందికుండాదని తెలుసునా? చూసుకో పో అద్దంలో! ఇన్నేండ్లుగా వంకర అంగీలో తిరుగుతాండావు!"

ఆ మాట సినిమాలో లేదు.

గిరాకీ ఎవరొచ్చినా లేవని శెట్టి లేచాడు. కొట్టు మెట్టు మీదికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒకసారి ఎడమ భుజం తడుముకున్నాడు. తర్వాత పొలాల దాకా వినపడే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఎవర్ని రా తిడతాండావు? నీ సూదికి కన్ను మూసుకపోనూ! నీ కాజాలు పిగిలిపోనూ! పక్కూరి పుచ్చు బ్యాళ్ళు తిని తిని నీ మొకం ఎట్లయిందో చూసుకున్నావా? మా ఇంటిది దినామూ అడుగుతాది, బాబా ఇంట్లో ఏం తింటాండారో అని! నీ కత్తెర మొండిపోనూ! మొండిపోనూ! మొండిపోనూ!"

సరే, వస్తున్నా అని మూడుసార్లు. అది తెలిసినవాళ్ళం అక్కడ ఐదారుగురం. వెంకటేశు తువ్వాలు నోట్లో పెట్టుకున్నాడు.

మాజీ సర్పంచి లేచి నిలబడ్డాడు. కెమెరా కోసం అటూ ఇటూ చూశాడు. "ఇది గలాటానా, షూటింగా?" అని అడిగాడు.

పద్మావతమ్మ కొట్లోంచి బదులిచ్చింది. "షూటింగే అన్నా. కొంచెం పక్కకు జరుగు, అడ్డమొస్తాండావు."

ఆయన నిజంగానే పక్కకు జరిగాడు. జరిగిన ఆ ఒక్క అడుగుతో ఊరంతా నవ్వేసింది. ఆయన కోపగించుకుంటాడేమో అని భయపడ్డాను. కాసేపు మీసం సవరించుకుని, తన మనుషుల వైపు తిరిగి, "ఏమైనా గానీ, తిట్టేదాంట్లో మన శెట్టే గెలిచినాడు" అన్నాడు. భారతి రాసిన కథలో పెద్దలు అనే మాట అచ్చం అదే. ఆయన కథ చదవలేదు.

శెట్టి రోడ్డు దాటి టైలర్ షాపులోకి వెళ్ళి మిషన్ ముందు కూర్చున్నాడు. ఎవరూ ఆపలేదు.

నా చెయ్యి రికార్డరు బటన్ మీదే ఉంది. మొదటి తిట్టు నుంచే ఉంది. నొక్కలేదు. వెనక నుంచి భారతి వచ్చి "పట్టినారా సార్?" అని అడిగింది. లేదన్నాను. ఆమె ఒక్క క్షణం బాధపడింది. ఆ తర్వాత, "మంచిపని చేసినారు" అంది. అంత మంచి సౌండు అంతకు ముందు నేను ఎన్నడూ వదులుకోలేదు. వదులుకున్నందుకు ఇప్పటికీ బాధ లేదు.

ఊళ్ళో ఆట

సినిమా పూర్తయింది. పట్నాల్లో ఎక్కువ రోజులు ఆడలేదు. మాట అర్థం కాలేదన్నారు కొందరు. అర్థమైనవాళ్ళు రెండోసారి చూశారు. భారతి ముందుగా మాట ఇచ్చినట్టే ఊళ్ళో కళ్యాణమండపంలో తెర కట్టి చూపించింది.

ఒక పార్టీ ఎడమవైపు కుర్చీల్లో, ఇంకో పార్టీ కుడివైపు. మొదటి పావుగంట ఒకవైపు నవ్వితే రెండోవైపు పళ్ళు బిగించుకుని కూర్చుంది. తెర మీద శెట్టి, సాయిబు వేషంలో, టోపీ పెట్టుకున్న సంగతి మరచిపోయి తల గోక్కున్నాడు. అచ్చం బాబాలాగా. వెంటనే బాబా, శెట్టిలాగా ముందుకు వంగి గల్లాపెట్టె కింద ఎవరున్నారా అని చూశాడు. ఇక ఆ నవ్వు ఏ పక్కనుంచి మొదలైందో చెప్పడం నా వల్ల కాలేదు. నేను సౌండువాణ్ణి, ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడమే నా పని. ఆ రోజు చెప్పలేకపోయాను.

సినిమా ఊరిని మార్చేసిందని నేను రాయను. అట్లా రాసేవాళ్ళను నమ్మకండి. పార్టీలు రెండూ అట్లాగే ఉన్నాయి, టీ కొట్లు కూడా రెండే. తర్వాతి ఎన్నికల్లో శెట్టి తన పార్టీ తరఫునే తిరిగాడు, బాబా తన పార్టీ తరఫునే. ఒకరినొకరు మార్చుకోవాలని వాళ్ళకు ఎప్పుడూ లేదు. నేను మెచ్చుకునేది సరిగ్గా దాన్నే. ఒకరినొకరు వదలకుండా ఎవరి పక్షాన వాళ్ళు నిలబడటం ఎంత కష్టమో వాళ్ళకు తెలుసు. అయినా నవ్వుతూ చేశారు.

మొన్నీమధ్య ఆ దారిన పోతూ, అంగీ గుడ్డ తీసుకుని బాబా షాపుకెళ్ళాను. శెట్టి అక్కడే స్టూలు మీద కూర్చుని బాబా భార్య పంపిన సేమియా తింటున్నాడు. ఆయన తొడుక్కున్న అంగీ రెండు భుజాల మీదా సమంగా ఉంది. బాబా నాకు కొలతలు తీసుకుంటున్నాడు. ఇంతలో శెట్టి పార్టీ కుర్రాడొకడు బైకు ఆపాడు.

"ఏం శెట్టన్నా, ఈడ కూసున్నావే?"

శెట్టి చెంచా దించకుండా, "షూటింగప్పా" అన్నాడు.

"ఓ, సరే సరే" అని వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో ఇప్పుడు ఒక పార్టీ మనిషి ఇంకో పార్టీ ఇంటికి పోవాలన్నా, పెళ్ళిలో పక్కన కూర్చుని తినాలన్నా, చెప్పే మాట ఇదేనని బాబా చెప్పాడు. అడిగేవాళ్ళు కూడా అంతటితో వదిలేస్తారట.

"సినిమా ఎప్పుడో విడుదలైపోయింది గదా బాబా, ఇంకా ఎన్నాళ్ళు ఈ షూటింగ్?" అన్నాను.

బాబా నోట్లో ఉన్న గుండుసూదులు తీసి నా భుజం మీద టేపు సర్దాడు.

"మీ భారతి పాప ఇంకా కట్ అని చెప్పల్యా గదన్నా."